తెల్ల రెక్కల్లో ఈకలు కనబడాలంటే

టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్తున్నారా? అక్కడ గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లోని చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. గుబురుగా ఉన్న పచ్చటి కొమ్మల్లో తెల్లటి పిట్ట కూర్చుంటే, చీకటిగా ఉందనుకుని కెమెరా వెలుతురు పెంచేస్తుంది. రెక్కంతా సున్నం కొట్టినట్టు వస్తుంది, ఒక్క ఈక కనబడదు. నా మొదటి సీజన్ ఫోటోలన్నీ అలాగే పోయాయి, ఇప్పటికీ బాధే. ఎక్స్‌పోజర్‌ని, అంటే ఫోటోకి పడే వెలుతురుని, కెమెరాలో మైనస్ 1 దాకా తగ్గించి చూడండి. గూడబాతు ముక్కు మీది చుక్కలు కూడా విడివిడిగా తేలతాయి.

పొద్దున్నే వెళ్లండి. ఎండ ముదిరాక తల్లికొంగ రెక్కలు విప్పి పిల్లలకి నీడ పడుతుంది. ఆ టైంలో చెట్టు కిందికి పోయి దాన్ని మాత్రం లేపకండి.