గూడ్సు వ్యాగన్‌కు వయసు తెప్పించడం – మూడో పాఠం: బొగ్గు మోసే బాక్స్‌ఎన్ బయటి గోడలు

రెండో పాఠం పూర్తి చేసినవారి దగ్గర ఇప్పుడు హెచ్ఓ స్కేలు (అసలు బండిలో 87వ వంతు) బాక్స్‌ఎన్ మోడల్ బాడీ ఒకటి సిద్ధంగా ఉండాలి. బాక్స్‌ఎన్ అంటే పైకప్పు లేని, ఎత్తు గోడల గూడ్సు వ్యాగన్. బోగీలు (చక్రాలుండే కింది చట్రాలు) ఊడదీసి, రెడ్ ఆక్సైడ్ రంగు వేసి, డెకాల్స్ (నంబర్లు, రాతల అంటింపులు) అంటించి, పైన మ్యాట్ వార్నిష్ కొట్టినది. వార్నిష్ కొట్టి 24 గంటలు కాకపోతే ఇవాళ మొదలుపెట్టకండి. వానాకాలమైతే రెండు రోజులు ఆగండి. తేమ ఎక్కువగా ఉన్న రోజున స్ప్రే డబ్బా వార్నిష్ కొడితే తెల్లగా మసక పడుతుంది. అలా పడి ఉంటే పొడి రోజు చూసి, అదే వార్నిష్‌ను మరోసారి పల్చగా కొట్టండి. చాలాసార్లు అది సర్దుకుంటుంది.

ఈ విడతలో పక్క గోడలు, చివరి గోడలు మాత్రమే చేస్తాం.

వ్యాగన్ పుట్టుపూర్వోత్తరాలు

కుంచె తీసే ముందు చీటీ మీద మూడు సంగతులు రాసుకోండి: వ్యాగన్ ఏ సంవత్సరంలో తయారైంది, చివరి పీఓహెచ్ (నిర్ణీత కాలానికోసారి వర్క్‌షాపులో చేసే పూర్తి మరమ్మతు) ఎప్పుడు జరిగింది, ఏ సరుకు మోస్తోంది. ఈ చీటీ లేకుండా మొదలుపెట్టిన వ్యాగన్ దాదాపు ఎప్పుడూ అతిగా తుప్పు పట్టిపోతుంది. ఎక్కడ ఆపాలో చెప్పేది ఏదీ ఉండదు కాబట్టి.

మొదటి రెండు సంగతులూ వ్యాగన్ మీదే ఉంటాయి. మన రైల్వే వ్యాగన్ నంబరులో 11 అంకెలు. మొదటి రెండు వ్యాగన్ రకం, తర్వాతి రెండు అది ఏ రైల్వేకు చెందిందో, ఐదూ ఆరూ తయారైన సంవత్సరం, ఆ తర్వాతి నాలుగు విడి నంబరు, చివరిది సరిచూసుకునే అంకె. మీరు అంటించిన డెకాల్‌లో ఐదు, ఆరు స్థానాల్లో 08 ఉంటే అది 2008 బండి. పీఓహెచ్ తేదీ, చేసిన వర్క్‌షాపు పేరు పక్కన స్టెన్సిల్ చేసి ఉంటాయి. విజయవాడ దగ్గర రాయనపాడులోని గుంటుపల్లి వ్యాగన్ వర్క్‌షాపు అలాంటి చోటే. అక్కడ వ్యాగన్‌ను విప్పి, మరమ్మతు చేసి, రంగు వేసి పంపిస్తారు. అందుకే పాత బండి అయినా పీఓహెచ్ ఈ మధ్యే అయితే రేకు సొట్టలతో ఉంటుంది, రంగు మాత్రం కొత్తగా ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవారు దీన్ని తిరగేస్తారు: గోడ నున్నగా, సూటిగా ఉంటుంది, దాని మీద ఇరవై ఏళ్ల తుప్పు. చూసే కంటికి అది వెంటనే తెలిసిపోతుంది.

మూడోది సరుకు. కొత్తగూడెం, రామగుండం, మణుగూరు వైపు సింగరేణి బొగ్గు మోసే బండి మీద నలుపు చేరుతుంది. కొత్తవలస–కిరండూల్ లైన్‌లో బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖకు దించే బండి మీద ముదురు ఎరుపు చేరుతుంది. ఒకే బాక్స్‌ఎన్ కొన్నాళ్లు ఒకటి, కొన్నాళ్లు మరొకటి మోయవచ్చు. అప్పుడు మూలల్లో పాత ఎరుపు, దాని మీద కొత్త నలుపు ఉంటాయి. ఈ పాఠంలో బొగ్గు ఒక్కదాన్నే తీసుకుంటున్నాం. ఖనిజం బండి చేసేవారు చివరి దశలో చెప్పే బూడిద రంగుకు బదులు బర్న్ట్ సియెన్నాలో కొద్దిగా ఇండియన్ రెడ్ కలిపి వాడుకోండి.

రేకు ఏదో కూడా చూసుకోండి. పాత బాక్స్‌ఎన్ గోడలు కార్టెన్ ఉక్కువి. దాని తుప్పు ముదురు గోధుమ రంగులో, దట్టంగా అంటుకుని ఉంటుంది. నారింజ రంగులో కనిపించేది అప్పుడే రేగిన తుప్పు మాత్రమే, అదీ చిన్న చోట్ల. దాని తర్వాత వచ్చిన బాక్స్‌ఎన్‌హెచ్‌ఎల్ రకం గోడలు స్టెయిన్‌లెస్ స్టీలువి. వాటి మీద గీతలు పడతాయి, మురికి చేరుతుంది, కానీ తుప్పు చారలు కారవు. ఆ వ్యాగన్ మోడల్ మీ దగ్గర ఉంటే నాలుగో దశ పూర్తిగా వదిలేయండి.

స్కేలు లెక్క

హెచ్ఓలో 1 మి.మీ. అంటే అసలు బండి మీద 87 మి.మీ. బాక్స్‌ఎన్ లోపలి ఎత్తు 1,950 మి.మీ., అంటే మోడల్‌లో సుమారు 22 మి.మీ. కుంచెతో 2 మి.మీ. వెడల్పు తుప్పు చార గీస్తే అసలు బండి మీద అది జానెడు కంటే కొంచెం తక్కువ వెడల్పు చార అవుతుంది. అలాంటి చార ఏ వ్యాగన్ మీదా ఉండదు. మన చారలన్నీ అర మి.మీ. లోపే ఉండాలి. ఈ ఒక్క లెక్క పాటిస్తే సగం పని చక్కబడుతుంది.

ఈ పాఠానికి కావలసినవి

ఆర్టిస్ట్ ఆయిల్ ట్యూబులు: టైటానియం వైట్, ఎల్లో ఓకర్, రా అంబర్, బర్న్ట్ అంబర్, బర్న్ట్ సియెన్నా, పేన్స్ గ్రే. కామెల్ రకం చాలు, ఖరీదైనవి అక్కర్లేదు. వాసన తక్కువుండే వైట్ స్పిరిట్ (ఆయిల్ రంగును పల్చబరిచే ద్రవం) 50 మి.లీ. నంబరు 00, నంబరు 2 గుండ్రటి కుంచెలు, 6 మి.మీ. బల్లపరుపు కుంచె ఒకటి. ముదురు గోధుమ రంగు యాక్రిలిక్, చిన్న స్పాంజి ముక్క, మాస్కింగ్ టేప్, దూది పుల్లలు, మెరుపు లేని అట్ట. ముదురు బూడిద, గోధుమ రంగు సాఫ్ట్ పాస్టెల్ కడ్డీలు, 220 నంబరు గరుకు కాగితం.

పెయింట్ల కొట్లో వైట్ స్పిరిట్ అడిగితే కొన్నిసార్లు ఎన్‌సీ తిన్నర్ చేతిలో పెడతారు. దాన్ని ఈ బల్ల దగ్గరికి రానీయకండి. అది రంగుతో పాటు ప్లాస్టిక్‌నే కరిగిస్తుంది. సరైనది తెచ్చుకున్నాక కూడా బాడీ అడుగున దూది పుల్లతో పదిసార్లు రుద్ది చూడండి. పుల్లకు ఎరుపు అంటితే కింది రంగు ఎనామెల్ అన్నమాట. అప్పుడు యాక్రిలిక్ వార్నిష్ ఒక పొర కొట్టి, అది పూర్తిగా ఆరాకే ముందుకు వెళ్లండి. కిటికీలు తెరిచి పని చేయండి.

ఒకటో దశ: స్టెన్సిల్ పలక

పీఓహెచ్ వివరాలు ఉన్నచోట 12 × 5 మి.మీ. మాస్కింగ్ టేప్ ముక్క అంటించండి. టేప్‌ను ముందు రెండు మూడుసార్లు అరచేతికి అంటించి జిగురు తగ్గిస్తే డెకాల్ లేచిరాదు. అసలు వ్యాగన్ల మీద తేదీ మార్చినప్పుడు ఆ చోట వరకూ కొత్త రంగు పూసి, మళ్లీ రాస్తారు. మురికి గోడ మీద ఆ శుభ్రమైన దీర్ఘచతురస్రం బండిని ఎంత నిజంగా చూపిస్తుందో ఎంత తుప్పు పూసినా రాదు.

రెండో దశ: రంగు వెలిసిపోవడం

వాడబోయే ఆయిల్ రంగులను గంట ముందే అట్ట మీద కొద్దికొద్దిగా పెట్టండి. అట్ట నూనెను పీల్చుకుంటుంది. నూనె మిగిలితే ఆరాక గోడ మెరుస్తుంది, అప్పటిదాకా వేసిన మ్యాట్ వార్నిష్ వృథా.

రెండు నిలువు బద్దల మధ్య ఉన్న గడిని ఒక్కొక్కటిగా తీసుకోండి. 00 కుంచెతో పై సగంలో ఆవగింజలో సగమంత చుక్కలు పెట్టండి: ఓకర్ మూడు, తెలుపు ఒకటి, బర్న్ట్ సియెన్నా ఒకటి. బల్లపరుపు కుంచెను వైట్ స్పిరిట్‌లో ముంచి, గుడ్డ మీద దాదాపు పొడిగా అయ్యేలా తుడిచి, పై నుంచి కిందికి మాత్రమే లాగండి. నాలుగైదు లాగుళ్లకు చుక్కలు మాయమై పల్చటి తెర మిగలాలి. గడి మారినప్పుడల్లా కుంచె తుడవండి. ప్రతి గడీ పక్కదానికంటే కొంచెం తేడాగా రావాలి, అదే మనకు కావలసింది.

ఇక్కడ జరిగే పొరపాటు గులాబీ రంగు. రెడ్ ఆక్సైడ్ మీద తెలుపు ఎక్కువైతే గోడ గులాబీకి తిరుగుతుంది. ఎండకు వెలిసిన ఎరుపు గోధుమ, పసుపు వైపు వెళ్లాలి. అందుకే ఓకర్ మూడు చుక్కలు, తెలుపు ఒక్కటే. గులాబీ వచ్చేస్తే తడి ఆరకముందే దూది పుల్లతో తుడిచేసి మళ్లీ పెట్టుకోవచ్చు. ఆయిల్ రంగుల గొప్ప సౌకర్యం ఇదే, మొదటి అరగంట అవి ఏ తప్పునైనా వెనక్కి తీసుకోనిస్తాయి. తర్వాత 24 నుంచి 48 గంటలు ఆరనివ్వండి.

మూడో దశ: మూలల్లో మురికి

ట్యూబ్ నుంచి అర సెం.మీ. రా అంబర్ తీసి, పేన్స్ గ్రే చిటికెడు చేర్చి, 5 మి.లీ. వైట్ స్పిరిట్‌లో కలపండి. దీన్ని గోడంతా పూయకండి. నంబరు 2 కుంచె మొనతో నిలువు బద్ద గోడను కలిసే చోట, తలుపు కీళ్ల దగ్గర, పై అంచు పట్టీ కింద తాకించి వదిలేయండి. ద్రవం తనంతట తానే గాడి వెంట పాకుతుంది. ఇరవై నిమిషాలకు, స్పిరిట్‌తో తడి చేసి తుడిచిన కుంచెతో గాడి పక్కకు పొంగినదాన్ని తీసేయండి.

ఆరాక ముదురు వలయాలు కనిపిస్తే ద్రవం ఎక్కువ పోశారన్నమాట, అంచుల్లో రంగు పేరుకుంది. ముందుగా ఆ చోటును ఉత్త స్పిరిట్‌తో కొద్దిగా తడిపి ఆ తర్వాత రంగు తాకిస్తే వలయాలు రావు. అతికించిన కీళ్లలో స్పిరిట్ నిలవనివ్వొద్దు. బిగువుగా ఉన్న ప్లాస్టిక్ అక్కడ చిట్లుతుంది.

నాలుగో దశ: దెబ్బలు, తుప్పు

బాక్స్‌ఎన్ ఎక్కువగా దెబ్బతినేది పై అంచు పట్టీ దగ్గర. థర్మల్ కేంద్రాల్లో, రేవుల్లో టిప్లర్ అనే యంత్రం వ్యాగన్‌ను పట్టుకుని బోర్లిస్తుంది, ఆ పట్లు ఆనేది అంచు మీదే. బొగ్గు నింపే యంత్రాల తొట్టె తగిలేదీ అక్కడే. కాబట్టి పైపట్టీ మొత్తం పొడవునా రంగు లేచిన మచ్చలు ఉండాలి. ఆ తర్వాత తలుపుల అంచులు, మెట్లు, మూలలు. గడి మధ్యలో మచ్చలకు కారణం తక్కువ. లోపలి బరువుకు గోడ బయటికి ఉబ్బిన చోట ఒకటో రెండో పెట్టండి, చాలు.

స్పాంజి ముక్కను గోధుమ రంగు యాక్రిలిక్‌లో తాకించి, కాగితం మీద అద్ది, మరక దాదాపు కనిపించనంత పొడిగా అయ్యాకే పైపట్టీకి తాకించండి. పెద్ద మచ్చ పడితే తడి పుల్లతో వెంటనే తుడిచేయండి.

మచ్చలు ఆరాక చారలు. బర్న్ట్ సియెన్నా, బర్న్ట్ అంబర్ సమపాళ్లలో కలిపి, 00 కుంచెతో ఏదైనా మచ్చ కింది అంచున చిన్న చుక్క పెట్టండి. రెండు నిమిషాలాగి, దాదాపు పొడిగా ఉన్న బల్లపరుపు కుంచె అంచుతో ఒక్కసారి కిందికి లాగండి. ఒక గోడకు నాలుగైదు చారలు, పొడవులు వేర్వేరుగా, ఏదీ 12 మి.మీ. దాటకుండా. చార పుట్టే చోట మచ్చ లేకపోతే ఆ చార అబద్ధం. పీఓహెచ్ ఈ ఏడాదే అని చీటీ మీద రాసుకున్నవారు ఒక్క చారతో ఆపేయండి. మళ్లీ 24 గంటలు విరామం.

ఐదో దశ: బొగ్గు పొడి

శుద్ధ నలుపు వాడకండి. ఇంత చిన్న స్కేలులో అది బొగ్గులా కాక గోడకు కన్నం పడినట్టు కనిపిస్తుంది. పేన్స్ గ్రే రెండు పాళ్లు, రా అంబర్ ఒక పాలు కలిపితే బొగ్గు మసి రంగు వస్తుంది. వాన పడ్డప్పుడు పైపట్టీ మీది పొడి కడుక్కుపోయి గోడ వెంట కారుతుంది. కాబట్టి తుప్పు చారల పద్ధతిలోనే, ఇంకా పల్చగా, గడికి రెండు మూడు బూడిద చారలు లాగండి. తలుపు సందుల కింద కొంచెం దట్టంగా వేయండి, లోపలి పొడి రాలేది అక్కడి నుంచే.

అవి ఆరాక పొడి పని. పాస్టెల్ కడ్డీలను గరుకు కాగితం మీద గీకి, బూడిద మూడు వంతులు, గోధుమ ఒక వంతు కలపండి. ముక్కుకు మాస్క్ కట్టుకోండి. పొడి కుంచెతో నిలువు బద్దల మొదళ్లలో, కింది అడ్డ పట్టీ మీద, చివరి గోడల అంచుల్లో నింపి, మిగిలింది తట్టేయండి. పొడి నిలిచేది అడ్డంగా ఉన్న చోట్లే, నిలువు రేకు మీద కాదు.

పొడి అంటుకోవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేయమని చాలామంది చెబుతారు. ఈ గోడల మీద మాత్రం వద్దు. యాక్రిలిక్ రంగును అది మెత్తబరుస్తుంది, లాకర్ రకం మ్యాట్ వార్నిష్ మీద పడితే తెల్లటి పొర లేస్తుంది. మ్యాట్ వార్నిష్‌ను 30 సెం.మీ. దూరం నుంచి రెండు పల్చటి పొరలుగా కొడితే చాలు. వార్నిష్ పడ్డాక పొడి సగం మాయమైనట్టు కనిపిస్తుంది. అందుకని ముందే కొంచెం ఎక్కువ వేసుకోవాలి.

వార్నిష్ కొట్టే ముందే టేప్ తీసేయండి. బయటపడ్డ పలక మరీ కొత్తగా ఉంటే మూడో దశ ద్రవానికి రెండింతలు స్పిరిట్ చేర్చి దాని మీద ఒక్కసారి లాగండి. వార్నిష్ ఆరాక, బాగా చెక్కిన తెల్ల పెన్సిల్‌తో సుద్దముక్క రాతలు రెండు మూడు పెట్టొచ్చు. అక్షరం ఎత్తు 2 మి.మీ. మించకూడదు.

సరిచూసుకోవడం

పగటి వెలుతురులో, 60 సెం.మీ. దూరం నుంచి చూడండి. పసుపు బల్బు కింద తుప్పు అసలు కంటే ఎర్రగా కనిపిస్తుంది, దాన్ని నమ్మి దిద్దబోతే పాడవుతుంది. పోల్చుకోవడానికి కాజీపేట లాంటి జంక్షన్‌లో పాదచారుల వంతెన మీద నుంచి గూడ్సు బండ్లను గమనించండి. అక్కడి నుంచి పైపట్టీ, లోపలి గోడలు కూడా కనిపిస్తాయి. పట్టాల మీదికి, యార్డులోకి వెళ్లే అవసరమే లేదు.

పది వ్యాగన్ల రేక్ చేసేవారు ఒక్కో వ్యాగన్‌ను పూర్తి చేస్తూ పోకుండా, పదింటికీ ఒక్కో దశ చేసుకుంటూ వెళ్లండి. కలిపిన రంగు ఒకటే ఉంటుంది కనుక అన్నీ ఒకే దారిలో తిరిగిన బండ్లలా వస్తాయి. వాటిలో రెండు కొత్త రంగువి, ఆరు మధ్యరకం, రెండు బాగా పాతబడినవి ఉంటే చాలు.

నాలుగో పాఠంలో లోపలి గోడలు, నేల, బోగీలు, చక్రాలు చేస్తాం. అప్పటికి నిజమైన బొగ్గు చిన్న ముక్క, టీ వడకట్టే పాత జల్లెడ, గ్రాములు చూపే తూకం తెచ్చుకోండి. కప్లింగులు కాక బాక్స్‌ఎన్ బాడీ అసలు పొడవు 9.784 మీటర్లు, మోడల్‌లో సుమారు 112 మి.మీ. అమెరికాలోని మోడల్ రైళ్ల సంఘం ఎన్ఎమ్ఆర్ఏ సిఫారసు ప్రకారం ఆ పొడవుకు వ్యాగన్ బరువు సుమారు 91 గ్రాములు ఉండాలి. మీది ఇప్పుడు ఎంత తూగుతుందో బోగీలతో కలిపి తూచి, అదే చీటీ మీద రాసి ఉంచండి.