వినని ఆల్బమ్‌లు ముప్ఫై: సవాలుగా పెట్టుకుని వినడం, విన్నది నలుగురికీ చెప్పడం

కొత్త ఆల్బమ్‌లు వినాలని సవాలు పెట్టుకున్నవాళ్లు ముందుగా లెక్క దగ్గరే పప్పులో కాలేస్తారు. రోజుకొకటి, ఏడాదికి 365 అని మొదలుపెడతారు. ఆల్బమ్ సగటున 45 నిమిషాలనుకున్నా అది 270 గంటల పైమాటే. అదీ ఒక్కసారి వినడానికే. రాసుకోవడానికి, మళ్లీ వినడానికి అందులో చోటు లేదు. మూడో వారానికి వంట చేస్తూ, బండి నడుపుతూ వినేసి పట్టికలో టిక్కు పెట్టడం మొదలవుతుంది. ఇక అక్కడ సవాలు మిగలదు, పట్టికే మిగులుతుంది.

దానికి బదులు వారానికి మూడు కొత్త ఆల్బమ్‌లు, పది వారాలు, మొత్తం ముప్ఫై. మొదటిసారి మూడు, రెండోసారి మూడు కలిపి వారానికి ఆరు విడతలు. ఏడో రోజు సెలవు. రాతతో కలిపి వారానికి ఆరు గంటలు పడుతుంది. అంత కుదరదంటే సంఖ్య తగ్గించుకోండి కానీ రెండోసారి వినడాన్ని మాత్రం కొట్టేయకండి. ఎందుకో కిందికి వచ్చేసరికి తెలుస్తుంది.

జాబితా మొదటి రోజే పూర్తి కావాలి

‘ఇవాళ ఏం విందాం’ అని అప్పటికప్పుడు వెతికితే రెండు జరుగుతాయి. అరగంట వెతుకులాటకే పోతుంది. చివరికి యాప్ చూపించినదే వింటారు. యాప్ మీరు ఇంతకుముందు విన్నవాటిని పోలినవే చూపిస్తుంది కాబట్టి ముప్ఫై విన్నా ఒకే వీధిలో తిరిగినట్టు ఉంటుంది.

అందుకే ముప్ఫైని ముందే నాలుగు కుప్పలుగా వేసుకోండి. మీకు అలవాటైన సంగీతంలోనే, మీకు తెలియని కళాకారులవి పది. దానికి పక్కనున్న శైలులవి పది. మీకు రాని భాషల్లోవి ఐదు. మీరు పుట్టకముందు వచ్చినవి ఐదు. వీటికి తోడు అదనంగా నాలుగు పేర్లు ఉంచుకోండి, ఏదైనా దొరక్కపోతే పనికొస్తాయి. వరుస మీరు నిర్ణయించకండి. ముప్ఫైకి అంకెలు వేసి చీటీలు తీయండి. లేకపోతే సులువైనవన్నీ ముందు అయిపోయి, కొరకరాని కొయ్యలన్నీ చివరి మూడు వారాల్లో పడతాయి.

ఏది లెక్కలోకి వస్తుందో కూడా అప్పుడే రాసిపెట్టుకోండి. మొదటి నుంచి చివరిదాకా ఎప్పుడూ వినని ఆల్బమే రావాలి. అందులో రెండు పాటలు తెలిసినా ఫరవాలేదు. ఏరి కూర్చిన హిట్ల సంకలనాలు వద్దు, వాటికి ఆల్బమ్‌గా ఒక వరుస ఉండదు. కచేరీ రికార్డింగులు రెండు మూడుకు మించనివ్వకండి.

కొత్తగా విడుదలయ్యేవి కూడా కలుపుకోవాలంటే శుక్రవారం చూసుకోండి. 2015 జులై 10 నుంచి చాలా దేశాల్లో కొత్త ఆల్బమ్‌లు శుక్రవారమే వస్తున్నాయి. ఆ వెంటనే అందరి మాటలూ చెవిన పడతాయి కాబట్టి, శుక్రవారమే విని రాసేయండి, లేదా వారం ఆగండి. మధ్యలో వింటే మీ అభిప్రాయం ఎక్కడ మొదలైందో మీకే తెలియదు.

ఏ ప్రతి వింటున్నారో చూసుకోండి

ఒకే ఆల్బమ్‌కు యాప్‌లో నాలుగైదు రూపాలుంటాయి. డీలక్స్ అంటే చివర్లో డెమోలు, రీమిక్స్‌లు తగిలించినది. అసలు ఆల్బమ్ పదో ట్రాక్‌తో ముగిస్తే మీరూ అక్కడే ఆపాలి. ముగింపుగా పెట్టిన పాట తర్వాత మరో ఏడు ముక్కలు వినిపిస్తే ఆ ముగింపు పోయినట్టే. పాత రికార్డింగు శబ్దాన్ని మెరుగుపరచి మళ్లీ విడుదల చేసే రీమాస్టర్ల సంగతీ అంతే, ఒక్కోసారి తేడా చిన్నది కాదు. జాజ్ కళాకారుడు మైల్స్ డేవిస్ 1959 నాటి ‘కైండ్ ఆఫ్ బ్లూ’ రికార్డింగులో టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరగడంతో, మొదటి వైపున్న మూడు ట్రాక్‌లూ దశాబ్దాల పాటు అసలుకన్నా కొంచెం హెచ్చు శ్రుతిలో వినిపించాయి. 1992 విడుదలలో గానీ సరిచేయలేదు. కాబట్టి ఏ సంవత్సరపు ప్రతి విన్నారో నోట్‌లో రాయండి.

పాత ఆల్బమ్‌లకు ఇంకో సంగతి. ఎల్పీ రికార్డు ఒక్కో వైపు సుమారు 22 నిమిషాలు పడుతుంది. అందుకే ఆ కాలపువి 35–45 నిమిషాల్లో, రెండు భాగాలుగా ఉంటాయి. రెండో వైపు మొదటి పాట చాలాసార్లు మళ్లీ తెర లేచినట్టు ఉంటుంది. అక్కడ ఒక నిమిషం ఆపి వినండి, అల్లిక తెలుస్తుంది. సీడీకి 74 నిమిషాలు దొరికాక ఆల్బమ్‌లు సాగాయి. 70 నిమిషాలు దాటినవాటికి మధ్యలో ఐదు నిమిషాల విరామం తీసుకోవడం తప్పేమీ కాదు.

ప్లే నొక్కే ముందు

షఫుల్ ఆఫ్. ఒక పాటలోకి మరొకటి కలిపే క్రాస్‌ఫేడ్ సున్నా. గ్యాప్‌లెస్ ఆన్, లేకపోతే ఒకదానిలోంచి ఒకటి ప్రవహించే ట్రాక్‌ల మధ్య గాటు పడుతుంది. ఆటోప్లే తప్పకుండా ఆఫ్ చేయండి. ఆల్బమ్ అయిపోయాక వచ్చే వేరే పాటను అందులోదే అనుకుని రాసేసినవాళ్లు తక్కువేం కాదు. బేస్, ట్రెబుల్ హెచ్చుతగ్గులు మార్చే ఈక్వలైజర్ తీసేయండి. ముందే డౌన్‌లోడ్ చేసుకుని ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి.

వాల్యూమ్ ముప్ఫైకీ ఒకటే ఉంచండి. తక్కువ శబ్దంలో మన చెవికి బేస్ సరిగా అందదు. పైగా కాస్త గట్టిగా పెట్టినదే బాగున్నట్టు అనిపిస్తుంది. ఒకటి చిన్నగా, ఒకటి పెద్దగా విని రెంటినీ పోల్చడంలో అర్థం లేదు. ఎంత గట్టిగా అన్నదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత ఉంది: పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. 90 దగ్గర నాలుగు గంటలే. ఈ సవాలుకే మీరు వారానికి నాలుగైదు గంటలు వింటారు. ఒకే విడతలో రెండు ఆల్బమ్‌లకు మించి వద్దు, అలసిన చెవికి మూడోది ఎప్పుడూ ‘మామూలుగా’ ఉంటుంది.

మొదటిసారి

కవర్, పేరు, సంవత్సరం. అంతకుమించి చదవకండి. సాహిత్యం చూడకండి, వెనక్కి జరపకండి. చేతిలో కాగితం ఉంటే చాలు, అందులో పది గుర్తులకు మించి పెట్టకండి. కలం కదులుతున్నంతసేపూ చెవి సగమే పనిచేస్తుంది. గుర్తు ఇలా ఉండాలి (ట్రాక్ అంకె – నిమిషం:సెకను – గమనించినది):

3 – 2:10 – డ్రమ్స్ ఆగాయి, గొంతు ఒక్కటే
5 – 0:40 – ఇదే బాణీ 1లో విన్నాను
8 – మొత్తం – ధ్యాస పోయింది

మూడోది చాలా విలువైనది. ధ్యాస ఎక్కడ పోయిందో రాసుకోవడానికి జనం మొహమాటపడతారు. ఎవరికీ చూపించక్కర్లేదు, కానీ రాయండి.

మధ్యలో ఎవరైనా పిలిస్తే ఆ ట్రాక్ మొదటి నుంచి వినండి. ఆ అంతరాయం అరగంట దాటితే ఆల్బమే మొదటి నుంచి. నచ్చకపోయినా పూర్తి చేయాలా? చేయాలి. సగంలో ఆపినదాని గురించి ‘నాకు పడలేదు’ అనడానికి మించి ఏమీ చెప్పలేరు.

అయిపోగానే పది నిమిషాల నిశ్శబ్దం. తర్వాత మూడు వాక్యాలు రాయండి: ఏం జరిగింది, ఎక్కడ జరిగింది, మీకేం అనిపించింది. ఎవరి సమీక్షా చదవకముందే ఇది పూర్తవ్వాలి. ఒక్క సమీక్ష చదివినా, అందులోని మాటలే మీ మాటలుగా బయటికొస్తాయి.

మాటలు దొరకనప్పుడు

అసలు చిక్కు ఇక్కడే. ‘సూపర్’, ‘గూస్‌బంప్స్’, ‘బోర్’ అన్నవి మీ గురించి చెబుతాయి, సంగీతం గురించి కాదు. శైలుల పేర్లు తెలియకపోయినా ఇబ్బంది లేదు, ఏం మారిందో చెప్పండి. వేగం మారిందా? పాదంతో తాళం వేస్తూ 15 సెకన్లలో ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. 30 దెబ్బలంటే నిమిషానికి 120. గొంతు చెవి పక్కన ఉందా, గది అవతలి చివర ఉందా? ప్రతిధ్వని ఉందా, పొడిగా ఉందా? ఒకేసారి ఎన్ని వాయిద్యాలు మోగుతున్నాయి, ఏది ఎప్పుడు తప్పుకుంది? పల్లవి రెండోసారి వచ్చినప్పుడు ఏం చేర్చారు?

‘నాలుగో పాట అదుర్స్’ అనే బదులు ఇలా రాయండి: ‘నాలుగో పాటలో రెండు నిమిషాల దాకా గిటార్ ఒక్కటే. బేస్ వచ్చేసరికి అంతసేపూ అది లేదని అప్పుడు తెలిసింది.’ దీన్ని చదివినవాళ్లు వెళ్లి వింటారు. ఒప్పుకోనివాళ్లు కూడా ఎక్కడ ఒప్పుకోలేదో చెప్పగలరు.

మార్కుల మాటకొస్తే, పదికి 6.8, 7.3 అని వేయడం ఉత్త వేడుక. ఇరవై అయ్యేసరికి అన్నీ 6.5–7.5 మధ్య గుమిగూడతాయి. దానికన్నా ఒకే వరుస జాబితా పెట్టుకోండి. కొత్తది విన్నప్పుడల్లా ‘దీనికి పైనా, కిందా’ అని అడుగుతూ చోటు చూపించండి. నిన్న విన్నది ఎప్పుడూ కొంచెం పైకి వెళ్తుంది కాబట్టి నెలకోసారి సరిచేయండి.

రెండోసారి

రెండు నుంచి ఏడు రోజుల మధ్య వినండి. పదేపదే తారసపడినదాని మీద ఇష్టం పెరుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయన్స్ 1968లో చూపించాడు. అంటే మొదటిసారి నచ్చకపోవడంలో కొంత భాగం కేవలం కొత్తదనం వల్లే. రెండోసారి ఆ పొర తొలగుతుంది. అప్పటికీ ఎనిమిదో ట్రాక్ దగ్గరే ధ్యాస పోతే, లోపం మీ చెవిది కాకపోవచ్చు. ఈసారి సాహిత్యం, కళాకారుల వివరాలు ముందు పెట్టుకోండి. పాత మూడు వాక్యాలు దిద్దకండి, కింద కొత్తవి రాయండి. ఆ రెంటి మధ్య తేడాయే మీరు పంచుకోదగ్గ అసలు సరుకు.

పంచుకునేటప్పుడు

నూరు, నూట యాభై మాటలు చాలు. పైన ఆల్బమ్ పేరు, కళాకారుడు, సంవత్సరం, ఏ ప్రతి, ఎన్నోసారి విన్నారు, హెడ్‌ఫోన్సా స్పీకరా. తర్వాత మిమ్మల్ని పట్టుకున్న చోటు ఒకటి, అడ్డు తగిలిన చోటు ఒకటి, సమయంతో సహా. చివర కొత్తవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలో ఒక్క ట్రాక్. పన్నెండు పాటలనూ వరుసగా ఏకరువు పెడితే చదివేవాళ్లు మూడో దగ్గర వెళ్లిపోతారు. ఒక్క ఆల్బమ్ విని ‘ఈయన చేసినవాటిలో ఇదే చెత్త’ అనే తీర్పులు వద్దు, మిగతావి మీరు వినలేదు.

వీడియోలో చెప్పేవాళ్లకు ఒక హెచ్చరిక. ‘పది సెకన్ల లోపు పాట వేస్తే ఏమీ కాదు’ అనే మాట చాలామంది నమ్ముతారు. అలాంటి ఖాయమైన హద్దు ఏదీ లేదు. కాపీరైట్ ఉన్న పాటలను గుర్తించే యూట్యూబ్ వ్యవస్థ ‘కంటెంట్ ఐడీ’ చిన్న ముక్కను కూడా పట్టుకోగలదు. పాట ఆపి మాట్లాడండి, సమయం తెరమీద వేయండి, చూసేవాళ్లు తమ దగ్గర ప్లే చేసుకుంటారు.

దూరంగా ఉన్న స్నేహితులతో కలిసి వినాలంటే ముందు అందరూ ఒకే ప్రతి తెరిచారో లేదో చూసుకుని, మూడు, రెండు, ఒకటి అని లెక్కపెట్టి ఒకేసారి నొక్కండి. అయినా ఒకరిద్దరు రెండు మూడు సెకన్లు వెనకబడతారు. అందుకని ‘ఇప్పుడు వచ్చింది విన్నారా’ అనకండి, ‘2:10 దగ్గర’ అనండి.

వెనకబడితే ఒకే ఆదివారం నాలుగు వినేసి లెక్క సరిచేయకండి. తప్పిపోయినవాటిని జాబితా చివరికి నెట్టండి, లేదా కొట్టేయండి. పని చేసుకుంటూ విన్నవాటి పక్కన ‘సగం’ అని రాయండి. చివరికి ముప్ఫైలో ఇరవై రెండే పూర్తయితే, ఇరవై రెండనే చెప్పండి.