పేచీ పెట్టే క్రిస్మస్ బొమ్మలు: ఎక్కడ చెడతాయి, ఎలా సరిచేయాలి

డిసెంబరు రాగానే హనుమకొండ, కాజీపేట ఇళ్లలో కత్తెరలు, రంగు కాగితాలు బయటికి వస్తాయి. ఫోనులో చూసిన ఫిలిప్పీన్స్ నక్షత్రమో, ఫిన్లాండ్ గడ్డి బొమ్మో మనమూ చేద్దామని పిల్లలు కూర్చుంటారు. సగంలో అది వంకరపోతుంది. వెంటనే "నీకు ఓపిక లేదురా" అని వాళ్ల మీద పడతాం. నన్నడిగితే, చాలాసార్లు లోపం సరుకుది. ఆ పద్ధతులు వేరే గడ్డికి, వేరే పండుకు, వేరే వాతావరణానికి కుదిరినవి.

నక్షత్రం ఒక పక్కకు ఒరిగిపోతోంది

ఫిలిప్పీన్స్‌లో క్రిస్మస్ అంటే ముందు గుర్తొచ్చేది పరోల్, అంటే వెదురు బద్దలకు పలుచని కాగితం అంటించి లోపల దీపం పెట్టే ఐదు కోణాల నక్షత్రం. డిసెంబరు 16 నుంచి 24 వరకు అక్కడ తెల్లవారుజామున జరిగే ఆరాధనల రోజుల్లో ఇంటింటా ఇవే వెలుగుతాయి.

కారణం: బద్దలు ఒకదాన్నొకటి దాటే చోటును కంటి అంచనాతో కట్టడం. బద్ద పొడవు 40 సెంటీమీటర్లయితే రెండు చివరల నుంచీ 15 సెంటీమీటర్లకు కాస్త పైన పెన్సిలుతో గీత పెట్టండి. ఐదు బద్దల గీతలూ ఒకదానిపై ఒకటి కలిస్తే నక్షత్రం దానంతటదే సమంగా వస్తుంది. చివరి బద్దను ఒకదాని మీదుగా, ఇంకోదాని కిందుగా దూరిస్తే సగం ముడులు కట్టకపోయినా చట్రం కదలదు. ఇలాంటివి రెండు చేసి ఐదు కొసల దగ్గర కలిపి కట్టాలి. ఎదురెదురుగా ఉన్న కూడళ్ల మధ్య 10 సెంటీమీటర్ల పుల్లలు ఐదు నిలబెడితే బొజ్జ వస్తుంది. ఆ పుల్లలు మరిచిపోతే నక్షత్రం అప్పడంలా ఉంటుంది.

కాగితం చిరుగుతోందా? సంక్రాంతి ముందు అంగళ్లలోకి వచ్చే గాలిపటాల కాగితమే దీనికి సరైనది, అయితే దానికి తడి పడదు. మైదా జిగురును కాగితానికి కాదు, బద్దకు రాయండి. కాగితాన్ని లాగకుండా పైన ఆనించి వేలితో నొక్కితే చాలు.

గుమ్మం బయట వేలాడదీసిన నక్షత్రం పొద్దున్నే ముడతలు పడి వదులైపోతే కంగారు వద్దు. రాత్రి మంచుకు కాగితం తేమ పీల్చి సాగుతుంది, ఎండెక్కాక చాలావరకు బిగుసుకుంటుంది. చూరు కింద కడితే ఆ బాధా ఉండదు. లోపల చిన్న ఎల్ఈడీ బల్బే పెట్టండి. పాత పసుపు బల్బులు వేడెక్కుతాయి, కాగితానికి అవి పనికిరావు.

గడ్డి చీలిపోతోంది

ఫిన్లాండ్‌వారి హిమ్మెలి చూడటానికి గాలిలో తేలే గడ్డి జాలీ. పన్నెండు సమానమైన గడ్డి పుల్లల్లోంచి దారం పోనిస్తే ఎనిమిది ముఖాల ఆకారం ఒకటి తయారవుతుంది. అలాంటివి కలుపుకుంటూ పోతే పెద్ద బొమ్మ. వాళ్లు వాడేది రై అనే ధాన్యపు గడ్డి, పొడవుగా గట్టిగా ఉంటుంది. మన దగ్గర దొరికేది వరిగడ్డి, అదీ హార్వెస్టర్ నలిపి వదిలేసింది. చిక్కంతా అక్కడే. యంత్రం తిరగలేని మడి మూలల్లో కొడవలితో కోసిన గడ్డి ఎవరైనా రైతును అడిగి తెచ్చుకోండి. వానాకాలం కోతలు అయిపోయి ఉంటాయి కాబట్టి డిసెంబరులో అది ఇంకా కొత్తగానే ఉంటుంది. కంకి కింద ఉండే కణుపులేని భాగమే తీసుకోవాలి, కణుపులోంచి సూది పోదు. అరగంట గోరువెచ్చని నీళ్లలో నాననిచ్చి, మెత్తబడ్డాక కత్తిరిస్తే చీలదు.

దారం విషయం కూడా చూసుకోవాలి. కొన్ని పుల్లల్లోంచి దారం రెండుసార్లు పోతుంది. జంపఖానాలు నేసే కొత్తవాడ ఉన్న ఊళ్లో నూలుకు కొదవ లేదు గానీ, ఆ లావు నూలు ఇక్కడ పనికిరాదు. బట్టలు కుట్టే దారం తీసుకోండి. అప్పటికీ కుదరకపోతే కాగితపు స్ట్రాలతో చేయండి, ఫిన్లాండ్‌వారు ఏమీ అనుకోరు.

హృదయం అల్లిక చివరి పట్టీ దగ్గర ఆగిపోతోంది

డెన్మార్క్‌లో రెండు రంగుల కాగితాలు అల్లి చెట్టుకు వేలాడదీసే హృదయాకారపు చిన్న బుట్ట ఇది. కథల రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1860లో చేసినది ఇప్పటికీ భద్రంగా ఉంది. పట్టీ ఆగిపోవడానికి కారణం కోత పొట్టిగా ఉండటం. మడిచిన కాగితం 8 సెంటీమీటర్ల వెడల్పయితే కోత 8.5 సెంటీమీటర్లు ఉండాలి.

అల్లడం పూర్తయినా బుట్ట తెరుచుకోవడం లేదంటే చాపలా పైకీ కిందికీ అల్లారన్నమాట. ప్రతి పట్టీ రెండు పొరలది. ఒక పట్టీ ఎదుటి పట్టీ పొరల మధ్యలోంచి వెళ్లాలి, తర్వాతిదాన్ని తన పొరల మధ్యలోకి రానివ్వాలి. పెద్దలకు తలతిరిగే ఈ సంగతి ఎనిమిదేళ్ల పిల్లలకు చిటికెలో పట్టుబడుతుంది.

పండు మీద కొవ్వొత్తి వాలిపోతోంది

నారింజ పండుకు కొవ్వొత్తి గుచ్చి చేసే దీన్ని క్రిస్టింగిల్ అంటారు. 1747లో జర్మనీలోని మారియన్‌బోర్న్‌లో మొరేవియన్ అనే క్రైస్తవ సంఘం పిల్లలకు ఎర్ర రిబ్బను చుట్టిన కొవ్వొత్తులు ఇచ్చారు. లోకానికి గుర్తుగా నారింజ చాలా తర్వాత చేరింది. మన మార్కెట్లో ఈ రోజుల్లో నిండుగా కనిపించేవి నాగపూర్ కమలాలు. వాటి తొక్క వదులు, కొవ్వొత్తి ఎలా నిలుస్తుంది? బత్తాయి తీసుకోండి. తొక్క అంటుకుని ఉంటుంది కాబట్టి పట్టు దొరుకుతుంది. రంధ్రంలో అల్యూమినియం కాగితం పెడితే రసం కారదు. వెలిగించేటప్పుడు మాత్రం పెద్దవాళ్లు పక్కనే ఉండాలి, పశువుల పాక బొమ్మ మీద పరిచిన దూది దరిదాపుల్లో అసలు వద్దు.

పిన్యాటా కుంగిపోతోంది, లేదా ఎంత కొట్టినా పగలదు

మెక్సికోవారి ఉట్టి అనుకోండి. ఏడు కొమ్ములు ఏడు ఘోర పాపాలకు గుర్తు. పూర్వం లోపల మట్టికుండే ఉండేది, ఇప్పుడు బెలూను మీద పేపరు ముక్కలు అంటిస్తున్నారు. సాయంత్రం మొదలుపెడితే రాత్రి చలికి బెలూను కాస్త ముడుచుకుంటుంది, తడి పేపరు దానితోపాటే కుంగుతుంది. పొద్దున్నే మొదలుపెట్టి, ఒక పొర ఎండలో ఆరాకే రెండోది వేయండి. మూడు పొరలు చాలు. ఐదారు వేసేశారా? పెద్దవాళ్లెవరైనా బ్లేడుతో అడుగున అక్కడక్కడ సన్నని గాట్లు పెట్టి, పైన రంగు కాగితం కప్పేస్తే సరి.