టీవీ మాన్‌స్టర్ సినిమాలు ఎలా చూడాలి, ఏం చూడాలి

పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు మన తెలుగిళ్ళల్లో ఇంగ్లీషు మాన్‌స్టర్ సినిమాలంటే పడిచచ్చేవాళ్ళు బోల్డుమంది ఉన్నారు, కానీ టీవీ కోసం తక్కువ డబ్బుతో తీసినవి వస్తే మాత్రం పది నిమిషాలు చూసి "ఏటిరా బాబూ ఈ గ్రాఫిక్సు" అనేసి ఛానెల్ మార్చేస్తారు. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఈ సినిమాలకి ఒక చూసే పద్ధతి ఉంది, అది పట్టుబడితే వదలరు.

మొట్టమొదట, హాల్లో చూసిన పెద్ద సినిమాతో దీన్ని పోల్చడం మానేయాలి. ఇవి హాలు కోసం తీసినవి కావు, టీవీలో ఒక టైము నింపడానికి తీసినవి. 1970ల మొదట్లో అమెరికాలో ఏబీసీ ఛానెల్ వారం వారం గంటన్నర స్లాట్‌లో కొత్త సినిమా వేసేది, యాడ్స్ పోగా సినిమా గంటంపావు ఉండేది అంతే. తర్వాత సైఫై ఛానెల్ శనివారం రాత్రుళ్ళు రెండు గంటల స్లాట్ పెట్టింది, అందులో సినిమా సుమారు గంటన్నర. ఇది ఎందుకు చెప్తున్నానంటే కథ నడకంతా ఈ లెక్క మీదే ఉంటుంది. పేర్లు పడకముందే ఒకడు చచ్చిపోవాలి, లేకపోతే జనం ఛానెల్ మార్చేస్తారు. ఆ తర్వాత ప్రతి యాడ్ బ్రేక్‌కి ముందు ఒక అరుపో, నీళ్ళల్లోంచి లేచిన తోకో, ఏదో ఒకటి పడాలి. మనం యాడ్స్ లేకుండా చూసినప్పుడు తెర హఠాత్తుగా నల్లగా అయిపోయి మళ్ళీ ఆ సీనే మొదలవుతుంది కదా, ఎడిటింగ్ చెడిపోయిందని అనుకోకండి, బ్రేక్ అక్కడ ఉండేది. టీ పెట్టుకోవాలంటే అక్కడే ఆపండి, సినిమా ఊపిరి తీసుకునే చోటు కూడా అదే.

ఇప్పుడు గ్రాఫిక్స్ సంగతి. అందరూ ముందు తిట్టేది దీన్నే, నేను ఎక్కువసేపు చూసేదీ దీన్నే. జంతువు మొహం చూడకండి, కాళ్ళ దగ్గర చూడండి. లఖారి అడివి వైపు నుంచి ఏనుగులు దిగి చేలల్లోంచి పోయిన ఊళ్ళవాళ్ళకి ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. ఏనుగు నడిచిన మడిలో వరి దుబ్బు బురదలోకి దిగబడిపోయి ఉంటుంది, అడుగు పడిన చోట గుంట, గంటలో ఆ గుంటలోకి నీళ్ళు ఊరిపోతాయి, ఎక్కి దిగిన చోట గట్టు అంచు విరిగి పక్క మడిలో పడుంటుంది. బరువంటే అది. ఈ సినిమాల్లో యాభై అడుగుల మొసలి గడ్డిలో పరిగెడుతుంది, ఒక్క గడ్డిపోచ వంగదు, కింద నీడ పడదు. ఎందుకలాగ అంటే గడ్డిని ముందు షూట్ చేసేశారు, మొసలిని తర్వాత కంప్యూటర్లో పెట్టారు, ఆ రెండూ తగిలే చోట దుమ్ము, నీడ, నీటి తుంపర ఇవన్నీ ఒక్కో షాట్‌కి విడివిడిగా చేతిపని. ఆ పనికే టైమూ డబ్బూ అయిపోతాయి. అందుకే రాత్రి పెడతారు, వాన పెడతారు, లేదా జంతువు వచ్చే ముందే కెమెరా హీరోయిన్ మొహం మీదకి పోతుంది.

అందుకని చూస్తున్నంతసేపూ ఒక ప్రశ్న మనసులో పెట్టుకోండి, వీళ్ళు డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టారు? ప్రతి సినిమాలోనూ ఒకటో రెండో షాట్లు ఉంటాయి, అక్కడ నీళ్ళు సరిగ్గా చెదురుతాయి, పడవ సరిగ్గా ఊగుతుంది. అది దొరికినప్పుడు నాకు కలిగే ఆనందం వందల కోట్ల సినిమాలో మొత్తం కలిపినా రాదు. మిగతా చోట్ల సొరచేప ఒక షాట్‌లో బస్సంత, ఇంకో షాట్‌లో ఓడంత ఉంటుంది, ఒకే షాట్‌ని కుడి ఎడమ తిప్పి మళ్ళీ వాడతారు, అవి పట్టుకోవడం పిల్లలకి అప్పజెప్పండి, నాకన్నా మా మేనల్లుడే ముందు పట్టేస్తాడు. ఊరు కూడా చూడండి, 2000ల్లో ఈ సినిమాలు చాలా బల్గేరియాలో తీశారు, అక్కడ ఖర్చు తక్కువ కాబట్టి. కథలో అమెరికా అంటారు, వెనకాల భవనాలు, ట్రామ్ తీగలు వేరే దేశం అని చెప్పేస్తుంటాయి.

వీటిలో అసలు అందం నటుల్లో ఉంది. ఎదురుగా ఏమీ ఉండదు, ఖాళీ గాలి, ఎవరో "ఇదిగో వచ్చేసింది, ఎడమ పక్క" అని అరుస్తుంటారు, దానికే ప్రాణం పోతున్నట్టు వణకాలి. బరంపురంలో రెండేళ్ళకోసారి ఠాకురాణి జాత్రలో పులివేషం వేసినాయన ఎదురొస్తే లోపల ఎవరున్నారో తెలిసిన పిల్లాడు కూడా అమ్మ వెనక్కి పోతాడు, అక్కడ పని చేసేది రంగు కాదు, వేసినాయన నమ్మకం. ఇక్కడా అంతే. కళ్ళు చూడండి, ఇద్దరు నటులు ఒకే చోటుకి చూస్తున్నారా, ఒకడు పైకీ ఒకడు పక్కకీ చూస్తున్నాడా. సరిగ్గా ఒకే చోటుకి చూస్తే ఆ మాన్‌స్టర్ అక్కడ ఉన్నట్టే, గ్రాఫిక్స్ ఎంత తేలిపోయినా సరే.

ఎక్కడ మొదలెట్టాలంటే, పాతవాటితో. 1972లో అమెరికాలో సీబీఎస్ అనే టీవీ ఛానెల్‌లో వచ్చిన గార్గాయిల్స్ చూడండి. అందులో కంప్యూటర్ లేదు, మనిషికి రబ్బరు తొడుగులు, కొమ్ములు, రెక్కలు. ఆ మేకప్‌కి అమెరికాలో టీవీ వాళ్ళకిచ్చే ఎమ్మీ అవార్డు వచ్చింది, చేసినవాళ్ళల్లో స్టాన్ విన్‌స్టన్ ఒకడు, తర్వాత జురాసిక్ పార్క్‌లో నిజం సైజు డైనోసార్ బొమ్మలు చేసిన ఆయనే. రెక్కల అతుకులు కనిపిస్తాయి, కనిపించనీండి. తర్వాత 1975 ట్రిలజీ ఆఫ్ టెర్రర్‌లో మూడో కథ, ఒక అపార్ట్‌మెంటు, ఒక చెక్కబొమ్మ, నటి కరెన్ బ్లాక్ ఒక్కతే. తక్కువ డబ్బుతో భయం ఎలా పుట్టించాలో నాకు తెలిసి అంతకన్నా బాగా చూపించినవాళ్ళు టీవీలో లేరు.

ఆ తర్వాత కొత్తవాటికి రండి. అసైలమ్ అనే కంపెనీ 2009లో తీసిన మెగా షార్క్ వర్సెస్ జెయింట్ ఆక్టోపస్‌లో సొరచేప సముద్రంలోంచి ఎగిరి ఆకాశంలో పోయే విమానాన్ని కొరుకుతుంది, అంత ఆలోచన ఎవరికి వస్తుంది అసలు! 2010లో తక్కువ ఖర్చు సినిమాలకి పేరుమోసిన రోజర్ కార్మన్ నిర్మించిన షార్క్‌టోపస్ కూడా మంచిది. 2013 షార్క్‌నేడో అందరికీ తెలిసిందే, హీరో మోటారు రంపం పట్టుకుని సొరచేప నోట్లోకి దూకి లోపల్నుంచి కోసుకుని బయటికొస్తాడు, అది పూర్తి నమ్మకంతో చేశారు కాబట్టే పండింది. 2018 దాకా మొత్తం ఆరు వచ్చాయి, పోనుపోను సినిమాయే మనకి కన్నుకొట్టడం మొదలెట్టింది, చెడ్డగా తీశాం నవ్వండి అని. నాకది నచ్చదు. చేతకాక చెడిన దానిలో కష్టం కనిపిస్తుంది, కావాలని చెడగొట్టిన దానిలో ఏం చూడాలి?

చూసేటప్పుడు నలుగురుండాలి, పదిమందైతే గోల తప్ప ఏమీ మిగలదు. మొదటిసారి ఇంగ్లీషులో సబ్‌టైటిల్స్‌తో చూడండి, కొన్ని తెలుగు డబ్బింగుల్లో లేని జోకులు కలిపేస్తారు, నటుడు వణుకుతుంటే గొంతు వెటకారం ఆడుతుంది, అప్పుడు పైన చెప్పిన కళ్ళ సంగతి పోతుంది. రెండోసారి డబ్బింగ్ పెట్టుకోండి, ఇంట్లో పెద్దవాళ్ళు కూడా కూర్చుంటారు. మురీ మిక్చర్ ముందే కలిపి ఉంచుకోకండి, మెత్తబడిపోతుంది, మొదటి బ్రేక్ దగ్గర కలపండి. లైట్లు పూర్తిగా ఆర్పండి, ఫోన్లు పక్కన పెట్టించండి, ముఖ్యంగా ఆ విమానం సీన్ దగ్గర, రెప్పపాటులో అయిపోతుంది, ఎవరైనా మిస్సయితే మొహమాటపడకుండా వెనక్కి తిప్పి మళ్ళీ వేయండి.