వానలు రాకముందే తేల్చుకోవాలి: పాత క్యాంపింగ్ వ్యానును ఉంచడమా, వదలడమా

ఓమ్నీ లాంటి పాత వ్యానులో వెనుక సీట్లు తీసేసి, ప్లైవుడ్ బల్ల మీద పరుపు, చిన్న పొయ్యి, నీళ్ల క్యాను సర్దుకుని అనంతగిరికో, నాగార్జునసాగరుకో, శ్రీశైలానికో వెళ్లివచ్చే కుటుంబాలు హైదరాబాదులో కొన్నైనా ఉన్నాయి. అటువంటి బండి పదిహేనేళ్లు దాటితే, దానిని ఇంకొక వానాకాలం నడపవచ్చా లేదా అన్నది రోహిణి కార్తె ఎండలోనే, బండి అడుగు భాగం పొడిగా ఉన్నప్పుడే తేల్చుకోవాలి. మృగశిర వచ్చి నాలుగు వానలు పడ్డాక అడుగంతా బురద పట్టి ఏ లోపమూ కంటికి కనబడదు, మెకానిక్ షెడ్లు నీళ్లు దూరిన బండ్లతో నిండిపోతాయి. పైగా అప్పటికి ఇంట్లో వాళ్లు ఎక్కడికి వెళ్లాలో మాట్లాడేసుకుని ఉంటారు కనుక వద్దనడానికి నోరు రాదు.

ఇంజిను బాగుంటే బండి బాగున్నట్టేనని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో ఇది తలకిందుల లెక్క. ఓమ్నీ తయారీ 2019లో ఆగిపోయినా, దాని 796 సీసీ ఇంజినుకు కావలసిన సామాన్ల కోసం రాణీగంజ్ దుకాణాలు తిరిగితే పని జరుగుతుంది. అలా మార్చడానికి వీలు లేనిది బాడీ. లారీకి ఉన్నట్టు ఈ వ్యానుకు విడిగా ఛాసిస్, అంటే బరువు మోసే అడుగు చట్రం, ఉండదు. నేల రేకు, పక్క బీములు, చక్రాలను మోసే బిగింపులు అన్నీ కలిపి వెల్డింగ్ చేసిన ఒకే పెట్టె అది.

మా వ్యాను 2009 నాటిది. వాన పడినప్పుడల్లా పరుపు బల్ల కింద మ్యాటు తడిసేది. తలుపు రబ్బరు పాతబడిందని నాకు నేనే సర్దిచెప్పుకుని, రబ్బరు మార్పించి, ముక్కవాసన పోవడానికి ఒక సెంటు సీసా కూడా తగిలించి రెండేళ్లు గడిపేశాను. 2024 మే నెలలో, పదిహేనేళ్ల రిజిస్ట్రేషను గడువు ముగియబోతుండగా, ఉప్పల్‌లోని మెకానిక్ ఆ మ్యాటు ఎత్తి, బల్ల కాలు బోల్టు పక్కన స్క్రూడ్రైవరుతో నొక్కితే అది పిడి దాకా దిగింది. బయటికి లాగాక ఆ రంధ్రంలోంచి షెడ్డు నేల మీద పడి ఉన్న నట్టు కనిపించింది. "బాడీ గల్ గయా సార్" (బాడీ కుళ్లిపోయింది) అన్నాడు, అంతే. బల్ల బిగించడానికి మేం డ్రిల్లు వేయించిన రంధ్రాల అంచులకు రంగు పూయించకపోవడమే దానికి మూలం.

కాబట్టి మ్యాట్లు, బల్ల, పరుపు మొత్తం బయట పెట్టి, బండిని ర్యాంపు ఎక్కించి చూడాలి. రంగు కొత్తగా మెరుస్తున్న చోట అయస్కాంతం పెడితే, అది అంటుకోకుండా జారిపోయిన దగ్గర రేకు బదులు పుట్టీ ఉందని అర్థం. నేల మధ్యలో అరచేయంత తుప్పు ఉంటే ఆ ముక్క కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించవచ్చు. వెనుక కమాను పట్టీల కొసలు బిగించే చోట, సీటు బెల్టు బోల్టుల చుట్టూ, ముందు సస్పెన్షన్ బిగింపుల దగ్గర రేకు పొరలు పొరలుగా లేస్తుంటే మాత్రం, ఎవరు ఎంత భరోసా ఇచ్చినా, ఆ బండిని ఘాట్ రోడ్డు ఎక్కించకూడదు.

నేలలోని రంధ్రం నీటినే కాదు, పొగనూ లోపలికి రానిస్తుంది. సైలెన్సర్ పైపు కూడా తుప్పు పట్టి ఉంటే, వాసనే లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రపోతున్నవాళ్ల దగ్గరికి చేరుతుంది. వానకు అద్దాలు మూసుకుని ఇంజిను నడుపుతూ పడుకోవడం కొత్త బండిలోనే చేయరాని పని. పొయ్యి కూడా తలుపు బయట, గాలి ఆడే చోటే వెలిగించాలి.

టైరు పక్కన ఉన్న నాలుగంకెల్లో మొదటి రెండు వారాన్ని, తరువాతి రెండు ఏడాదిని చెబుతాయి. 2318 అంటే 2018లో 23వ వారం. గాడి లోతు ఇంకా మిగిలి ఉన్నా అంత పాత టైరుతో తడి రోడ్డు మీదికి పోకూడదు. ప్రయాణానికి సర్దినట్టే అన్నీ సర్ది ఒకసారి ధర్మకాంటా మీద తూకం వేయించి, ఆర్‌సీలో రాసిన ఖాళీ బండి బరువుతో పోల్చి చూస్తే, ఇన్నేళ్లలో బ్రేకుల మీద ఎంత భారం పెంచామో తెలుస్తుంది. నలభై లీటర్ల నీళ్లంటేనే నలభై కిలోలు.

డబ్బు విషయంలో ఒక్క మాట. ఇంత దాటితే వద్దు అనే అంకెను, మెకానిక్ బండి విప్పకముందే ఇంట్లో అందరూ కూర్చుని కాగితం మీద రాసుకోవాలి, ఎందుకంటే విప్పిన తరువాత ప్రతి రెండు వేలూ చిన్న మొత్తంగానే కనబడుతుంది. బండి ఉంచుకుంటే ఐదేళ్లకు చేయించాల్సిన రిజిస్ట్రేషను పొడిగింపు, గ్రీన్ ట్యాక్స్, బీమా కలిపి, వచ్చే రెండేళ్లలో నిజంగా వెళ్లబోయే ప్రయాణాలకు అద్దె బండి ఖర్చుతో పోల్చుకోవాలి. వెళ్లాలని అనుకునే ప్రయాణాలను లెక్కలోకి తీసుకోవద్దు. మాకు ఏడాదికి రెండు కూడా తేలలేదు.

వదలాలని తేలితే తుప్పు సంగతి దాచి ఇంకొకరికి అంటగట్టడం తగదు. గట్టి బాడీ ఉన్న బండినైతే అమ్మి, యజమాని పేరు మార్పుకు ఫారం 29, 30 పూర్తిచేసి, 14 రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేయాలి. పేరు మారనంత కాలం ప్రమాద పరిహారం రిజిస్ట్రేషనులో ఉన్న యజమాని మీదే పడుతుందని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బాడీ పోయిన బండిని వీధిలోని పాత ఇనుప కొట్టుకు కాకుండా, రిజిస్టరైన స్క్రాపింగ్ కేంద్రానికే అప్పగించి డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోవాలి. అది తరువాత కొత్త బండి కొన్నప్పుడు పన్ను రాయితీకి పనికొస్తుంది. ఫాస్టాగ్ రద్దు చేయించడం మరవకూడదు. ఇక పరుపు బల్ల విప్పి ఇంటికి తెచ్చుకోవచ్చు, ప్లైవుడ్‌కు తుక్కు ధర ఎవరూ కట్టరు.