షోరూమ్ వాసన పోని పాత కారు: కొనాలా వద్దా, తేల్చుకోవడం ఎలా?

ఏడాదో రెండేళ్లో తిరిగిన కారు. మీటరు ఇరవై వేలు దాటలేదు, సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. రేటు మాత్రం కొత్తదానికంటే రెండు లక్షలు తక్కువ. భీమవరంలోనైనా అమలాపురంలోనైనా ఇలాంటి బేరం తగిలితే బయానా ఇచ్చేయాలనిపించడం సహజం. ఇవ్వకముందు తేలాల్సినవి రెండు: ఈ డబ్బుకు కొత్తదే కొనుక్కోవడం మేలా? ఈ కారు ఎక్కడైనా నీళ్లలో నిలబడిందా? చాలామంది ఈ రెండూ వదిలేసి రంగు, సీటు కవర్లు, మ్యూజిక్ సిస్టమ్ దగ్గర మొదలుపెడతారు.

1. కారు కంటే ముందు లెక్క చూడండి

అమ్మేవారు తాము కొన్నప్పటి బిల్లు చూపించి బేరం మొదలుపెడతారు. ఆ బిల్లు పక్కన పెట్టేయండి. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు చిన్న కార్ల మీద, అంటే పెట్రోలు ఇంజను 1200 సీసీ, డీజిల్ 1500 సీసీ దాటని వాటి మీద, జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. అంతకుముందు సెస్‌తో కలిపి 29 నుంచి 31 శాతం ఉండేది. పెద్ద కార్లకు కూడా పన్ను 40 శాతానికి దిగింది. కాబట్టి అమ్మేవారు 2024లో పెట్టింది, ఉదాహరణకు, నిజంగా పదిన్నర లక్షలే కావచ్చు, కానీ మీకు కావాల్సింది ఆ అంకె కాదు. అదే మోడలు, అదే వేరియంటు ఇవాళ ఎంతకు వస్తుందో షోరూములో ఆన్‌రోడ్ కొటేషన్ రాయించుకోండి. డిస్కౌంట్లన్నీ పోగా ఎంతో అడగండి. సంవత్సరం చివర్లో స్టాకు ఖాళీ చేసుకోవడానికి ఇచ్చే తగ్గింపులు కలిస్తే కొత్తదానికీ పాతదానికీ మధ్య తేడా ఒక్కోసారి లక్ష కూడా ఉండదు.

పాత కారు ధర కట్టడానికి ఇన్సూరెన్సు కంపెనీల తరుగుదల పట్టిక మంచి ఆధారం. ఎక్స్‌షోరూమ్ ధరలో ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30 శాతం తీసేస్తారు. ఇవాళ ఎక్స్‌షోరూమ్ 9 లక్షలున్న కారుకు ఏడాదిన్నర వయసుంటే 7 లక్షల 20 వేలు. ఆంధ్రా రిజిస్ట్రేషన్ అయితే లైఫ్ ట్యాక్స్ కట్టేసి ఉంటుంది కాబట్టి పైన కొంత అడగడం న్యాయమే. ఎంత ఇవ్వాలన్నది బేరం.

ఆ ధరకు మీ ఖర్చులు కలపండి. అన్నిటికంటే పెద్దది వడ్డీ. పాత కార్ల లోన్ మీద వడ్డీ కొత్తవాటికంటే కొన్ని శాతాలు ఎక్కువ ఉంటుంది. 6 లక్షలు ఐదేళ్లకు తీసుకుంటే, 9 శాతం వడ్డీకి నెల వాయిదా సుమారు 12,455 రూపాయలు, 13 శాతానికి 13,650. మొత్తం మీద తేడా దాదాపు 72 వేలు. బేరంలో తగ్గించుకున్నదంతా ఇక్కడే పోవచ్చు. ఇన్సూరెన్సులో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, కారుతో రాదు, అది పాత ఓనరుది. పేరు మార్చేటప్పుడు ఆ తేడా మీరు కట్టాలి. ట్రాన్స్‌ఫర్ ఖర్చు, ఒక సర్వీసు కూడా వేసుకోండి.

అన్నీ కలిపాక కొత్త కారు ఆన్‌రోడ్ రేటుకూ దీనికీ తేడా 15 శాతం లోపే ఉంటే కొత్తదే కొనండి. 25 శాతం దాటితే చూడదగ్గ బేరం. 40 శాతం దాకా తేడా ఉంటే మాత్రం సంతోషపడకండి, కారణం వెతకండి.

2. ఎందుకు అమ్ముతున్నారో అడగండి

ఏడాది కారు అమ్మడానికి మంచి కారణాలూ ఉంటాయి. రొయ్య రేటు పడిపోయి వాయిదాలు కట్టలేకపోవడం ఈ జిల్లాల్లో కొత్త కాదు. పిల్లల దగ్గరికి విదేశం వెళ్లిపోవడం, ఇంట్లో మనుషులు పెరిగి ఏడు సీట్లది కావాల్సి రావడం కూడా నమ్మదగినవే. చెప్పే కారణానికీ కాగితాలకూ పొంతన ఉందో లేదో చూడండి. వాయిదాలు బరువయ్యాయన్న మనిషి ఆర్‌సీలో ఫైనాన్స్ పేరే లేకపోతే కథ కుదరలేదని అర్థం. షోరూమ్ డెమో కారైతే కిలోమీటర్లు తక్కువే ఉంటాయి. కానీ వందమంది చేతులు పడి ఉంటాయి, క్లచ్ ముందు చూసుకోండి.

బేరానికి ఆషాఢం మంచి కాలం. సెంటిమెంటు లేనివాళ్లకు అప్పుడు దొరికిన రేటు శ్రావణంలో దొరకదు.

3. నంబరు ప్లేటు ఏం చెబుతుంది, ఏం దాస్తుంది

ఒకప్పుడు ఏపీ 05 అంటే తూర్పుగోదావరి, ఏపీ 37 అంటే పశ్చిమగోదావరి. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చాక ప్లేటు చూసి జిల్లా చెప్పలేం. విజయవాడలో మునిగిన కారైనా పాలకొల్లు కారులాగే కనిపిస్తుంది. అందుకని ఆర్‌సీలో రిజిస్టర్ చేసిన కార్యాలయం ఏదో, ఓనరు అడ్రసు ఏదో చదవండి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఇన్సూరెన్సు గడువు, ఫైనాన్స్ ఉందో లేదో చూసుకోండి. ఆర్‌సీలో ఎన్నో ఓనరో, తయారైన నెల ఏదో చూడండి. పెండింగ్ చలానాలు వేరుగా చూడాలి. ఆర్‌సీలోని ఛాసిస్ నంబరును కారు మీద కొట్టిన అంకెలతో ఒక్కొక్కటిగా పోల్చండి.

కాకినాడ, కోనసీమ వైపు యానాం రిజిస్ట్రేషన్ కార్లు, అంటే పీవై 04 నంబర్లు, అమ్మకానికి వస్తుంటాయి. రేటు ఆకర్షణీయంగానే ఉంటుంది. అయితే బయటి రిజిస్ట్రేషన్ బండిని ఇక్కడ 12 నెలలకు మించి ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతుంది. అందుకు పాత ఆర్టీఓ నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, తేవాలి, కారు వయసును బట్టి ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. హైదరాబాద్ నుంచి వచ్చే టీఎస్, టీజీ కార్లకూ ఇంతే. ఆ పన్ను ఎంతో ఆర్టీఓ ఆఫీసులో కనుక్కుని మొదటి లెక్కలో కలిపాకే రేటు మాట్లాడండి.

ఇన్సూరెన్సు పాలసీలో ఒక చిన్న గడి ఉంటుంది, దాన్ని వదలొద్దు. మొదటి ఏడాది క్లెయిమ్ లేకపోతే రెండో ఏడాది పాలసీలో నో క్లెయిమ్ బోనస్ 20 శాతం, మూడో ఏడాది 25 శాతం పడుతుంది. రెండో ఏడాది పాలసీలో అక్కడ సున్నా ఉంటే చాలావరకు క్లెయిమ్ జరిగిందనే అర్థం. లేదంటే పాలసీ గడువు దాటి 90 రోజులు వదిలేసి ఉంటారు. ఏ క్లెయిమో కాగితం చూపించమనండి.

4. నీళ్ల పరీక్ష

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలే మునిగాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకు చెన్నైలోనూ అంతే. 2022 జూలైలో గోదావరి వరద కోనసీమ లంకలను ముంచింది. మునిగిన కారు రిపేరు ఖర్చు పాలసీలో కట్టిన విలువలో 75 శాతం దాటితే ఇన్సూరెన్సు కంపెనీ టోటల్ లాస్‌గా తేలుస్తుంది. ఆ బండ్లను వేలంలో కొని, కడిగి, ఆరబెట్టి, సెంటు కొట్టి అమ్మేవాళ్లున్నారు. కారు స్టార్టవుతుంది, ఏసీ వస్తుంది. ఆరు నెలలు తిరిగేసరికి వైరింగ్ కనెక్టర్లలో రాగి పచ్చగా చిలుము పట్టి డాష్‌బోర్డులో ఒక్కో హెచ్చరిక లైటూ వెలగడం మొదలవుతుంది. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ గేరు లివరు దగ్గర, నేలకు దగ్గరగా ఉంటుంది. నీళ్లు ముందు తగిలేది దానికే.

పగటిపూట, ముందే కడిగి ఉంచొద్దని చెప్పి వెళ్లండి. టార్చి, తెల్ల గుడ్డ చాలు.

అద్దాలు ఎత్తి, ఏసీ ఆపి రెండు నిమిషాలు కూర్చోండి. ముక్కకంపు తెలుస్తుంది. ఘాటైన సెంటు వాసన వస్తే అదీ అనుమానించాల్సిందే.

సీటు బెల్టును చివరిదాకా, ఇక రానంతవరకూ లాగండి. సీట్లు మారుస్తారు, మ్యాట్లు మారుస్తారు, బెల్టు లోపలి చుట్టలను ఎవరూ పట్టించుకోరు. రోజూ బయటికి వచ్చే భాగం శుభ్రంగా ఉండి, చివరి అడుగు రెండడుగుల్లో లేత మట్టిరంగు అడ్డగీత కనిపించినా, తెల్ల గుడ్డతో తుడిస్తే బురద అంటినా, నీళ్లు అంత ఎత్తుకు వచ్చాయని రుజువు. నాలుగు బెల్టులూ చూడండి.

ముందు సీట్లు వెనక్కి తోసి పట్టాలనూ, వాటి బోల్టులనూ చూడండి. రెండేళ్ల కారులో అక్కడ తుప్పు ఉండకూడదు. డోరు గడప పట్టీ దగ్గర కార్పెట్ అంచు ఎత్తి కింద స్పాంజిని నొక్కండి. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటలో ఒండ్రు ఉందేమో చూడండి. బోనెట్ కింద ఎయిర్ ఫిల్టరు డబ్బా తెరిచి అడుగున బురద ఉందేమో చూడండి. అక్కడిదాకా నీళ్లు వెళ్లాయంటే ఇంజను కూడా తాగి ఉండవచ్చు.

మంచినీళ్ల కంటే ఉప్పునీళ్లు ఇంకా చెడ్డవి. ఆకివీడు, ఉండి వైపు రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగిన కార్లనూ, పేరుపాలెం, ఉప్పాడ తీరాన తిరిగిన కార్లనూ లిఫ్టు మీద ఎక్కించి కింద చూడాల్సిందే. సైలెన్సర్ గొట్టం మీద పైపైన ఎర్రటి పొర మామూలే. సస్పెన్షన్ ఆర్ములు, బ్రేకు పైపులు, పెట్రోలు ట్యాంకు పట్టీల మీద తుప్పు పొట్టులాగా ఊడుతుంటే వదిలేయండి. కొత్తగా నల్ల అండర్‌కోటింగ్ కొట్టి ఉంటే దాని కింద ఏముందో గోకి చూడమనండి.

నీళ్ల గుర్తు ఒక్కటి గట్టిగా దొరికినా బేరం ఆపేయండి. ఇంకో లక్ష తగ్గిస్తామన్నా సరే. వైరింగ్ జబ్బు ఎంత ఖర్చుతో తగ్గుతుందో మెకానిక్ కూడా చెప్పలేడు.

బోనెట్ తెరిచినప్పుడే ఎలుకల సంగతీ చూడండి. చేల పక్కన, ధాన్యం బస్తాల దగ్గర పెట్టిన కార్లలో వైర్లు కొరికేస్తాయి. వైర్ల మీద కొత్త నల్ల టేపు చుట్టలు కనిపిస్తే అడగాలి.

5. రంగు, టైర్లు, అద్దాలు

పెయింట్ మందం కొలిచే మీటరు ఉన్న మెకానిక్‌ను తీసుకెళ్లండి. కంపెనీ రంగు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. 200 దాటితే మళ్లీ కొట్టిన రంగు, 500 దాటితే కింద పుట్టీ. బంపరు ప్లాస్టిక్, దాని మీద రంగు వేయించడం పెద్ద విషయం కాదు. పిల్లర్లు, రూఫ్, బోనెట్ కింద రేడియేటరును పట్టే అడ్డపట్టీ మీద రిపేరు ఉంటే మాత్రం గట్టి దెబ్బే.

టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2223 అంటే 2023లో 22వ వారం తయారీ. టైర్లు సాధారణంగా 40 వేల కిలోమీటర్ల దాకా వస్తాయి. మీటరులో 15 వేలుండి టైర్లు కారు తర్వాత తయారైనవైతే, మీటరు వెనక్కి తిప్పి ఉండాలి, లేదా ప్రమాదం జరిగి ఉండాలి. అన్ని అద్దాల మీదా ఒకే కంపెనీ ముద్ర ఉందో లేదో చూడండి. కంపెనీ సర్వీసు సెంటర్లో ఛాసిస్ నంబరు చెప్పించి సర్వీసు చరిత్ర తీయించండి. ప్రతి సర్వీసుకూ కిలోమీటర్లు రాసి ఉంటాయి.

6. నడిపి చూడటం

ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయాలి, ముందే వేడి చేసి ఉంచితే ఇంకోరోజు వస్తామనండి. కీ తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే ఆ లైటునే పీకేసి ఉండవచ్చు.

ముందు కాలవగట్టు రోడ్డు మీద 20 స్పీడులో వెళ్లండి, అద్దాలు దించి, పాటలు ఆపి. గుంతల్లో ఠక్ ఠక్ మంటే సస్పెన్షన్ పని ఉంది. తర్వాత రావులపాలెం, తణుకు మధ్య హైవే ఎక్కి 80లో స్టీరింగ్ తేలిగ్గా పట్టుకోండి, కారు ఒక పక్కకు లాగకూడదు. డీజిల్ కారైతే ఈ హైవే పరీక్ష తప్పనిసరి. ఊళ్లోనే చిన్న దూరాలు తిరిగిన బీఎస్6 డీజిల్‌లో మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు పూడుకుపోతుంది, బండి పికప్ పోతుంది. దాన్ని మార్చడం చవక కాదు.

చివర్లో ఓబీడీ స్కానర్, అంటే కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్లు చదివే పరికరం, పెట్టించండి. తప్పులేవీ చూపకపోయినా, కోడ్లు చెరిపేశాక కారు ఎంత దూరం తిరిగిందో చూడండి. అక్కడ పది కిలోమీటర్లే ఉంటే నిన్ననే చెరిపారు.

7. డబ్బు, సంతకాలు

బయానా చిన్న మొత్తమే ఇవ్వండి. కాగితాలు తేడా వస్తే తిరిగి ఇవ్వాలని రాయించుకోండి. లోన్ ఉంటే, దాన్ని ముగించడానికి ఎంత కట్టాలో తెలిపే ఫోర్‌క్లోజర్ లెటరు తెప్పించి ఆ మొత్తాన్ని నేరుగా బ్యాంకు లోన్ అకౌంటుకే కట్టండి, మిగిలిందే ఓనరుకు. బ్యాంకు ఎన్‌ఓసీ, ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు తీయించే ఫారం 35 వచ్చాకే ఆఖరి చెల్లింపు. పేరు మార్పిడికి కావాల్సిన ఫారం 29, 30 మీద సంతకాలు మీ ఎదుటే జరగాలి. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో ఆర్టీఓకు తెలియజేయాలి.

ఇన్సూరెన్సును 14 రోజుల్లో మీ పేరుకు మార్పించండి. కొత్త కారుకు థర్డ్ పార్టీ మూడేళ్లకు కట్టి ఉంటుంది కాబట్టి పాలసీ నడుస్తోందనే అంటారు. సొంత కారుకు జరిగే నష్టం భాగం ఏడాదికే అయిపోయి ఉండవచ్చు. అది నడుస్తున్నా మీ పేరు లేకపోతే క్లెయిమ్ తిరస్కరిస్తారు. కంపెనీ వారంటీ మొదటి అమ్మకం తేదీ నుంచి లెక్క, మీరు కొన్న రోజు నుంచి కాదు. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంటే దాన్నీ మీ పేరుకు రాయించండి.

డెలివరీ కాగితం మీద తేదీతో పాటు గంట కూడా వేయించండి, ఆలోపు పడిన చలానాలు పాత ఓనరువి. రెండో తాళం అడిగి తీసుకోండి. పాత ఫాస్టాగ్ రద్దు చేయించండి. ఫోనులో కారు ఎక్కడుందో చూపించే యాప్ ఉన్న మోడలైతే పాత ఓనరు ఫోనులోని అకౌంటును మీ ఎదుటే తీయించండి. లేకపోతే మీ కారు తలుపులు ఆయన ఇంట్లో కూర్చునే తెరవగలరు.