అద్దెదారు, కిరాయిదారు, కౌలుదారు: ఏ మాట ఎక్కడ వాడాలి

ఇల్లో, గదో, దుకాణమో తీసుకుని దానికి అద్దె కట్టే మనిషి అద్దెదారు. చివరి 'దారు' పారసీ నుంచి వచ్చింది. చందాదారు, వాటాదారులో ఉన్నదీ అదే. ఆడవారికీ మగవారికీ సరిపోతుంది కనుక 'అద్దెదారుడు' అని రాయకండి. సంతకం పెట్టేది మహిళ అయితే ఆ 'డు' ఎబ్బెట్టుగా ఉంటుంది.

అయితే ఇది కాగితం మీది మాట. నోటితో ఎవరూ "మా అద్దెదారు వచ్చారు" అనరు. కోస్తాలో "పై వాటాలో అద్దెకుంటున్నవాళ్లు" అంటారు, తెలంగాణలో "కిరాయికుండేటోళ్లు", సీమలో "బాడుగకుండేవాళ్లు". కథలో సంభాషణ రాసేటప్పుడు ఈ రూపాలే వాడండి.

ఎక్కువమంది తడబడేది 'కు' దగ్గర. "ఇంటికి అద్దె ఇచ్చాను" అంటే డబ్బు కట్టాను, నేను అద్దెకున్నవాణ్ణి. "ఇల్లు అద్దెకిచ్చాను" అంటే నేను యజమానిని. ఒక్క విభక్తి మారితే మనిషి గుమ్మానికి అవతలివైపు వెళ్లిపోతాడు! రాతలో అనుమానం రాకుండా ఉండాలంటే డబ్బు విషయంలో 'అద్దె కట్టాను' అనండి, ఇంటి విషయంలో 'అద్దెకు తీసుకున్నాను' అనండి.

సాగు భూమికి అద్దెదారు అనే మాట పనికిరాదు. అక్కడ కౌలుదారు, కౌలు రైతు. కౌలు అరబ్బీ మాట, మూలార్థం 'ఇచ్చిన మాట'. పంటలో వాటా ఇచ్చే పద్ధతైతే 'పాలుకు చేస్తున్నాడు' అంటారు. చట్టాల్లోని మాటలను మాత్రం ఉన్నవి ఉన్నట్టే దించాలి: ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం వాడిన మాట 'పంట సాగుదారు'. తెలంగాణలో 'రక్షిత కౌలుదారు' అంటే 1950 నాటి కౌలు చట్టం కింద ప్రత్యేక హక్కులున్న వ్యక్తి. మామూలు కౌలు రైతుకు ఆ పేరు తగిలిస్తే అర్థమే మారిపోతుంది.

వాహనాలకు కిరాయి, బాడుగ రెండూ చెల్లుతాయి. డబ్బు తీసుకుని కొట్టేవాడు మాత్రం ఎక్కడైనా కిరాయి గూండాయే, అద్దె గూండా కాడు.

ఒప్పందం రాస్తుంటే మొదటి పేరాలోనే "ఇకపై అద్దెదారు అని వ్యవహరించబడును" అని పెట్టి, చివరిదాకా అదే మాట వాడండి. మూడో పేజీలో కిరాయిదారు, నాలుగో పేజీలో లీజుదారు అని మారిస్తే వేరే మనిషి ఎవరైనా ఉన్నారా అన్న ప్రశ్న వస్తుంది. అద్దెదారు దగ్గర్నుంచి మళ్లీ అద్దెకు తీసుకున్నవారు ఉప అద్దెదారు. ఇంట్లో ఉండే కుటుంబ సభ్యుల్ని అద్దెదారులు అని రాయకండి. వారు సంతకం చేయకపోతే 'అద్దెదారు కుటుంబ సభ్యులు' అనే రాయాలి.